మురుగు ఏ వాడకు పారుతోంది?

అనంతపురం పీఠభూమిలో నీటి గురించి మాట్లాడినంతగా మురుగు గురించి మాట్లాడం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే నేల ఇది. 1995లో సత్యసాయి తాగునీటి పథకం, 2019 నుంచి జల జీవన్ మిషన్ ఇక్కడి ఊళ్లకు కుళాయిలు తెచ్చాయి. ఇంట్లోకి వచ్చిన నీరు వాడకం తరువాత ఎటు పోవాలన్న ప్రశ్నను మాత్రం పల్లానికే వదిలేశాం. ఆ పల్లంలో ఎవరున్నారన్నదే నా ప్రశ్న.

జల జీవన్ మిషన్ ప్రమాణం మనిషికి రోజుకు 55 లీటర్లు. రెండు వేల జనాభా గల ఊరికి 1,10,000 లీటర్లు. అందులో 80 శాతం మురుగవుతుందన్నది ఇంజనీర్ల సాధారణ అంచనా. అంటే రోజుకు 88,000 లీటర్లు. నంది కొండల ప్రాంతంలో పుట్టి మన మీదుగా సాగే పెన్నా, చిత్రావతి నదులు ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక మేటలే. పారే నది మురుగును కొంతైనా పలుచన చేస్తుంది. ఎండిన ఏటికి ఆ శక్తి లేదు. వంక మోసుకొచ్చిన మురుగు ఇసుకలో ఇంకి చెలమలకూ, ఒడ్డు బోర్లకూ చేరుతుంది.

అంతకు ముందే అది వాడను దాటాలి. చాలా ఊళ్లలో మాల, మాదిగ వాడలు ఊరి వెలుపల, పల్లపు దిక్కున ఉన్నాయి. కాలువ పై వీధిలో మొదలై వాడ ముందు ఆగుతుంది. ఇంటింటా ఇంకుడు గుంత తవ్వుకోవాలన్న సలహా పెరడు ఉన్నవారికి చెల్లుతుంది. సెంటున్నర స్థలంలో కాపురముండేవారికి కాదు. ఇది పారిశుద్ధ్య సమస్య మాత్రమే అనేవారు కారంచేడును గుర్తు చేసుకోవాలి. 1985 జూలైలో, మాదిగలు తాగే చెరువు నీటిలో గేదెల కుడితి బకెట్ కడగడాన్ని ప్రశ్నించడంతో ఆ ఘర్షణ మొదలైంది. మరునాటి దాడిలో ఆరుగురు మాదిగలు హతులయ్యారు.

చిన్న ఊరి మురుగును శుద్ధి చేయడానికి భారీ యంత్రాలు అక్కరలేదు. బురద తేరుకునే తొట్టి, జమ్ము, రెల్లు పెంచిన కంకర మడి, చివర ఒక కుంట చాలు. కరెంటు లేకుండానే నడుస్తుంది. అయితే తొట్టి అడుగున పేరుకున్న బురదను ఎప్పటికప్పుడు తీయాలి. ఎవరు తీస్తారు? అంచనా పత్రంలో ఆ మాట రాయకపోతే కులమే ఆ ఖాళీని నింపుతుంది.

రక్షణ సాధనాలు లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దించడాన్ని 2013 చట్టం నేరంగా ప్రకటించింది. మురుగు కాలువ మరణాలకు సుప్రీంకోర్టు 2014లో పది లక్షలుగా నిర్ణయించిన పరిహారం 2023 తీర్పుతో ముప్ఫై లక్షలైంది. పరిహారం పెరగడం మరణాలు ఆగిపోవడం కాదు. మన పొరుగున కోలారు బంగారు గనుల్లో తెలుగు దళిత కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్‌కు 2016లో మెగసెసే పురస్కారం వచ్చింది. ఆయన ఉద్యమం కోరుతున్నది ఆ పనిలోకి మనిషి దిగకుండా ఉండటాన్నే.

కనుక ప్రతి పథకంలోనూ మూడు అంశాలు రాతపూర్వకంగా ఉండాలి. శుద్ధి కేంద్రం వాడ గడపలో కాక, వాడను దాటిన తరువాత ఉండాలి; వాడ గుండా పోయే కాలువకు మూత ఉండాలి. బురద తీయడానికి యంత్రం, దాని ఏటా ఖర్చు అంచనాలోనే చేరాలి. శుద్ధి అయిన నీటిపై తొలి హక్కు భూమిలేని దళిత కుటుంబాలకు, పశుగ్రాసానికో చెట్ల పెంపకానికో దక్కాలి. తూము ఎత్తి, మడవ తిప్పి ఊరందరి పొలాలకు నీరు పంచిన నీరుగంట్లు అనేక ఊళ్లలో దళితులే. వారిలో చాలామందికి తడుపుకోవడానికి సొంత మడి లేదు. కరువు నేలలో రోజుకు 88,000 లీటర్లు చిన్న సంపద కాదు. అది విలువైనదని తేలిన రోజున పై వీధి దాన్ని వెనక్కి అడుగుతుంది.

విద్యార్థి మిత్రులు తమ ఊరి గ్రామసభలో ఆ అంచనా పత్రాన్ని అడిగి చదవాలి. బురద తీసే పని ఎవరిదని రాశారో ముందుగా చూడాలి.