చూడకుండా పెట్టిన సంతకం

మందుల దుకాణంలో ఒకామె డాక్టరు రాసిన చీటీ అందించి, కొంగు ముడి విప్పి వంద నోటు ఇచ్చింది. దుకాణదారు దాన్ని గల్లాపెట్టెలో వేశాడు. నోటు మీద రిజర్వు బ్యాంకు గవర్నర్ సంతకం ఉంది, వరుస సంఖ్య ఉంది. ఆమె పేరు ఎక్కడా లేదు. సాయంత్రానికి ఆ నోటు చిల్లరగా ఇంకెవరి చేతికో వెళ్లిపోతుంది. ఆమె వెనక నిలబడ్డ కుర్రాడు అవే మాత్రలు కొని, ఫోన్‌తో క్యూఆర్ కోడ్ స్కాన్ చేశాడు. అతని బ్యాంకు ఖాతాలో ఒక వరుస చేరింది: ఏ దుకాణం, ఎంత సొమ్ము, ఏ రోజు, ఏ గంట.

ఇలాంటి వరుసలు ఏడాదిపాటు పోగుపడితే ఒక మనిషి జీవితాన్నే చదివేయొచ్చు. ఏ ఆసుపత్రికి వెళ్లారు, ఏ గుడికి విరాళమిచ్చారు, ఏ సంఘానికి చందా కట్టారు, పుట్టింటికి నెలనెలా ఎంత పంపుతున్నారు, అన్నీ తెలిసిపోతాయి. తప్పు చేయనివాళ్లకు దాచుకోవలసిందేముందని కొందరు అడుగుతారు. ఏ తప్పూ చేయనివాళ్లే కదా స్నానాల గదికి గడియ పెట్టుకునేది! గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తేల్చింది.

డబ్బు ఫోన్‌లోకి వచ్చాక జాడ మిగలక తప్పదని చాలామంది అనుకుంటారు. తప్పించుకునే దారి ఉందని డేవిడ్ చామ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1982లోనే చూపించాడు. ఆయన పద్ధతి పేరు బ్లైండ్ సిగ్నేచర్. అంటే చూడకుండా పెట్టే సంతకం.

కిరాణా కొట్టు బిల్లు పుస్తకం గుర్తు చేసుకోండి. పైకాగితం మీద రాస్తే, మధ్యలోని కార్బన్ పేపర్ వల్ల కింది కాగితం మీదా అదే పడుతుంది. చామ్ చెప్పిన పోలిక కూడా ఇలాంటిదే. మీరు ఒక కాగితం మీద మీకు నచ్చిన సంఖ్య రాసి, లోపల కార్బన్ అతికించిన కవరులో పెట్టి అంటించారు. బ్యాంకు మీ ఖాతాలోంచి వంద రూపాయలు తగ్గించుకుని, కవరు విప్పకుండా పైన సంతకం చేసింది. సంతకం లోపలి కాగితం మీద పడింది. మీరు ఇంటికొచ్చి కవరు చించి పారేశారు. చేతిలో మిగిలిన కాగితమే నోటు. రేపు అది బ్యాంకుకు తిరిగొస్తే, సంతకం తనదేనని బ్యాంకు గుర్తుపడుతుంది. ఏ కవరులోంచి వచ్చిందో మాత్రం చెప్పలేదు.

కంప్యూటరులో కవరు ఉండదు కాబట్టి ఆ పని అంకెలు చేస్తాయి. కాగితం, పెన్సిలు తీసుకుంటే మీరే చేసి చూడొచ్చు. ఒక్కటే నియమం: ఏ గుణకారం చేసినా చివరికి 33తో భాగించి, శేషం మాత్రమే ఉంచుకోవాలి.

బ్యాంకు సంతకమంటే, ఇచ్చిన సంఖ్యను ఏడుసార్లు వేసి గుణించడం. ఆ ‘ఏడు’ బ్యాంకు రహస్యం. సంతకం అసలుదో కాదో చూడాలంటే దాన్ని మూడుసార్లు వేసి గుణిస్తే చాలు. నోటు సంఖ్య వస్తుంది. ఈ ‘మూడు’ అందరికీ తెలుసు.

మీ నోటు సంఖ్య 5 అనుకుందాం. కవరుగా 2 అనే సంఖ్యను మనసులో అనుకోండి. 2ను మూడుసార్లు గుణిస్తే 8. ఐదెనిమిదులు 40. 33 తీసేస్తే 7. బ్యాంకుకు ఈ 7 మాత్రమే పంపండి. బ్యాంకు ఏడు ఏడులు వేసి గుణిస్తే 8,23,543. దాన్ని 33తో భాగిస్తే శేషం 28. బ్యాంకు మీకిచ్చే సంతకం అదే. ఇప్పుడు కవరు చించండి, అంటే మీ 2తో భాగించండి. 14 వచ్చింది. 14ను మూడుసార్లు గుణిస్తే 2744. 33తో భాగిస్తే శేషం 5. మీ నోటు సంఖ్యే!

బ్యాంకు 5ను చూడలేదు, 14నూ చూడలేదు. దానికి కనిపించినవి 7, 28. తన పుస్తకంలోని 7ను ఎంతసేపు చూసినా లోపల ఏముందో ఊహించలేదు. నోటు సంఖ్య 10, కవరు సంఖ్య 16 అయినా బ్యాంకుకు చేరేది ఆ 7 మాత్రమే. నిజమైన వ్యవస్థల్లో 33కు బదులు ఆరువందల పైచిలుకు అంకెలున్న సంఖ్య వాడతారు. అంత పెద్ద సంఖ్యను కారణాంకాలుగా విడగొట్టి బ్యాంకు రహస్యాన్ని పట్టుకోవడం ఇప్పటి కంప్యూటర్లకు సాధ్యం కాదు.

కంప్యూటరులోని నోటును నకలు తీసి పది దుకాణాల్లో ఖర్చుపెడితే? అందుకే దుకాణదారు నోటు అందగానే బ్యాంకుకు పంపిస్తాడు. ఆ సంఖ్య అప్పటికే ఖర్చయిన జాబితాలో ఉంటే బ్యాంకు తిప్పికొడుతుంది. నల్లధనం మాటేమిటి? సొమ్ము పుచ్చుకున్నవాడు దాన్ని తన ఖాతాలో వేసుకోవాలి కాబట్టి అతని ఆదాయం కనిపిస్తూనే ఉంటుంది, పన్ను వేయొచ్చు. ఇచ్చినవాళ్లు మాత్రమే కనబడరు. మందులు కొన్నామె గోప్యత మిగులుతుంది, దుకాణం లెక్కా మిగులుతుంది.

ఈ సూత్రంతో చామ్ ఆమ్‌స్టర్‌డామ్‌లో డిజిక్యాష్ సంస్థ పెట్టాడు. 1995లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో మార్క్ ట్వేన్ బ్యాంకు ఆ డబ్బును వాడుకలోకి తెచ్చింది. చేరిన బ్యాంకులు కొద్ది, తీసుకునే దుకాణాలు కొద్ది. 1998లో సంస్థ దివాలా తీసింది. లెక్కలో లోపం లేకపోయినా, నడిపే సంస్థ పడిపోయేసరికి డబ్బూ ఆగిపోయింది. నడుమ ఎవరో ఒకరు ఉండితీరాలన్నదే ఆ ఏర్పాటులోని బలహీనత.

ఆ నడిమి మనిషే లేకుండా చేసింది బిట్‌కాయిన్. సతోషి నకమోటో అనే మారుపేరుతో 2008 అక్టోబరు 31న దాన్ని వివరించే తొమ్మిది పేజీల పత్రం వెలువడింది. 2009 జనవరి 3న మొదటి బ్లాక్ తయారైంది. ఊరి జమాఖర్చుల పుస్తకం కరణం ఒక్కడి దగ్గరే ఉండకుండా ప్రతి ఇంట్లో ఒక ప్రతి ఉన్నట్టు ఊహించండి. సుమారు పది నిమిషాలకొకసారి అన్ని పుస్తకాల్లోనూ ఒకే కొత్త పేజీ, అంటే బ్లాక్, చేరుతుంది. ప్రతి పేజీలో ముందు పేజీ వేలిముద్ర ఉంటుంది. పాత పేజీలో ఒక్క అంకె దిద్దినా ఆ వేలిముద్ర మారిపోయి దొంగతనం బయటపడుతుంది. పుస్తకం ఇలా అందరి దగ్గరా ఉండడమే వికేంద్రీకరణ. ఈ పుస్తకానికి యజమాని లేడు, మూసేయడానికి ఒక ఆఫీసూ లేదు.

కానీ ఆ పుస్తకం లోకమంతా చదవొచ్చు. పేర్లకు బదులు అంకెలూ అక్షరాలూ కలిసిన చిరునామాలుంటాయి. ఒక చిరునామా ఎవరిదో తెలిసిందంటే దాని చరిత్ర మొత్తం బయటపడుతుంది. 2021లో అమెరికాలోని కలోనియల్ పైప్‌లైన్ కంపెనీ కంప్యూటర్లను బంధించిన దుండగులు 75 బిట్‌కాయిన్లు గుంజారు. అధికారులు ఆ బహిరంగ పుస్తకం వెంటే నడిచి నెల తిరిగేసరికి 63.7 బిట్‌కాయిన్లు వెనక్కి రాబట్టారు.

చాలామంది ఒకటిగా చూసే రెండు విషయాలు ఇక్కడ విడిపోతాయి. పుస్తకం ఎవరి దగ్గర ఉందన్నది వికేంద్రీకరణ. పుస్తకంలో ఏం రాసి ఉందన్నది గోప్యత. చామ్ డబ్బులో కేంద్రం ఉంది, గోప్యతా ఉంది. బిట్‌కాయిన్‌లో కేంద్రం లేదు, గోప్యతా అంతంతే. 2016లో వచ్చిన జీక్యాష్ లాంటివి, వివరం చెప్పకుండానే నిజమని రుజువు చేసే గణితంతో రెంటినీ కలపాలని చూస్తున్నాయి. నడిమి మనిషి లేని చోట భారమంతా మనదే. తాళంచెవిలాంటి రహస్య సంఖ్య పోగొట్టుకుంటే సొమ్ము తిరిగిరాదు, ఫిర్యాదు చేయడానికి కౌంటరు ఉండదు. అలాంటి డబ్బు ధర ఒక్క వారంలోనే తలకిందులు కావచ్చు. ‘స్వేచ్ఛ’ అన్న మాట విని కష్టార్జితాన్ని అందులో పోసేముందు ఈ సంగతి తెలిసి ఉండాలి.

మన రిజర్వు బ్యాంకు 2022 డిసెంబరు 1న సామాన్యుల కోసం ఈ-రూపీ అనే డిజిటల్ రూపాయి ప్రయోగం మొదలుపెట్టింది. రేపు ఇంకెన్నో రకాల డబ్బు మన ఫోన్లలోకి వస్తుంది. వచ్చిన ప్రతిదాన్నీ మనం రెండు ప్రశ్నలు అడగాలి: ఈ పుస్తకం ఎవరి చేతిలో ఉంది? అందులో నా గురించి ఏం రాస్తున్నారు? ‘సాంకేతికంగా ఇంతకన్నా కుదరదు’ అని ఎవరైనా అంటే, ఒక కాగితం మీద 5, 7, 28, 14 రాసి చూపించండి. వంద నోటు ఆ తల్లిని పేరు అడగలేదు. ఆ మర్యాదను ఫోన్‌కు నేర్పే లెక్క నలభై ఏళ్లుగా మన దగ్గరుంది. నేర్పమని అడగాల్సింది మనమే.