శేషము వెండితెరపై

పూర్వము సినిమా హాలు వాకిట స్వల్పమైన వెలకు పాటల పుస్తకములు అమ్మెడివారు. అట్టమీద నాయికానాయకుల బొమ్మ, లోపల పాత్రధారుల పట్టిక, దాని వెనుక ఒకటి రెండు పుటల కథాసంగ్రహము, ఆపైని పాటలు: ఇదియే వాని స్వరూపము. ఆ కథాసంగ్రహము వ్రాసినవాని పేరు సాధారణముగా ఎక్కడను కానరాదు. అతడు కథను చక్కగా నడిపించి, నాయకుడు చెరసాలలోనో నాయిక అపనిందలోనో ఉన్న తావున హఠాత్తుగా కలము నిలిపి, "శేషము వెండితెరపై చూడుడు" అని ముగించెడివాడు. చదివినవారికి టిక్కెట్టు కొనక తప్పెడిది కాదు.

మేము ఆ అజ్ఞాత రచయితను తరచుగా తలచుకొనుచుందుము. ఏలయన, ఆయన పడిన చిక్కే మాకును కలదు. రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రము ప్రసారము చేయవలెనన్న, రెండున్నర మూడు గంటల చిత్రమును ఒక గంటకు కుదింపవలెను. ముఖ్యమైన సంభాషణలను, కొన్ని పాటలను ఉంచి, నడుమ తెగిన పోగులను వ్యాఖ్యానముతో ముడివేయవలెను. చూచువానికి కన్ను చెప్పునది, వినువానికి మేము చెప్పవలెను. ఏది ఉంచవలెను, ఏది విడువవలెను అని నిర్ణయించుటకు ముందు, ఇతివృత్తమనగా ఏమో తెలియవలెను.

ఈ విషయమున మాకు పాఠము చెప్పినది ఒక శ్రోత. 1951లో బి. ఎన్. రెడ్డిగారు తీసిన "మల్లీశ్వరి"ని మేమొకసారి శబ్దచిత్రముగా కూర్చితిమి. ఆ చిత్రకథకు గల మూలములలో ఒకటి బుచ్చిబాబుగారి "రాయలవారి కరుణకృత్యము" అను నాటిక. ఆయన ఆకాశవాణిలో పనిచేసినవారగుటచే మాకు ఆ చిత్రముపై మరింత మమకారము. మల్లి, నాగరాజు బావామరదళ్లు. వానకు తలదాచుకొన్న చోట మల్లి ఆడుచు పాడుచుండగా, మారువేషములో ఉన్న శ్రీకృష్ణదేవరాయలు చూచి మెచ్చుకొనెను. ఆ బాటసారి ఎవరో ఎరుగని నాగరాజు, మల్లికి పల్లకి పంపింపుమని రాయలతో చెప్పుడని పరిహాసమాడెను. తరువాత అతడు ధనము సంపాదింప దూరదేశమేగెను. ఇచట మల్లి ఇంటికి నిజముగనే పల్లకి వచ్చెను. కాలము చాలక మేము ఆ పరిహాసమును తీసివేసి, "అంతట మల్లీశ్వరి అంతఃపురము చేరెను" అని ఒక్క వాక్యముతో సరిపుచ్చితిమి.

కొన్ని దినములకు ఒక ఉత్తరము వచ్చినది. బాల్యమునుండి చూపు లేని ఒక స్త్రీ మరియొకరిచేత వ్రాయించినది. "ఆమె అంతఃపురమునకు పోయినదని చెప్పితిరి గాని, ఎందులకు పోయినదో చెప్పలేదు. తరువాత నాగరాజు ఏడ్చినపుడు అతడు దేనికి ఏడ్చుచున్నాడో నాకు సగమే తెలిసినది" అని అందలి సారాంశము. ఆ మాట నిజము. నాగరాజు దుఃఖములో వియోగము సగము; తన నోటి మాటయే తన కొంప ముంచినదను ఎరుక మిగిలిన సగము. ఆ రెండవ సగమును మేము ఆమెకు దక్కకుండ చేసితిమి.

రాజు వచ్చెను, పల్లకి వచ్చెను, మల్లి పోయెను అనిన అది సంఘటనల వరుస. నాగరాజు నవ్వులాటకు అడిగెను గనుక పల్లకి వచ్చెను అనినపుడే అది ఇతివృత్తము. "తరువాత" అను మాటతో నడచునది వరుస. "కనుక" అను మాటతో నడచునది ఇతివృత్తము. కథ కుదించువాడు "తరువాత"లను ఎన్నైనను కోయవచ్చును. ఒక్క "కనుక"ను కోసినను రక్తము కారును.

అయితే అన్ని జాతుల చిత్రములలో ఈ "కనుక" ఒకే తావున ఉండదు. పౌరాణికమును తీసికొందము. 1957లో వచ్చిన "మాయాబజార్" చూడబోవువానికి శశిరేఖాభిమన్యుల వివాహము జరుగునని ముందే తెలియును. బాల్యమున పెద్దలు మాట ఇచ్చుకొనిరి. పాండవులు జూదమున రాజ్యము పోగొట్టుకొనగా బలరామ రేవతుల మనసు మారినది. దుర్యోధనుని కుమారుడు లక్ష్మణకుమారునితో పెండ్లి నిశ్చయమైనది. ఘటోత్కచుడు నిద్రించుచున్న శశిరేఖను శయ్యతోకూడ ఎత్తుకొనిపోయి, తాను ఆమె రూపము ధరించి పెండ్లివారిని ముప్పుతిప్పలు పెట్టెను. ముగింపు ముందే తెలిసిన చోట ప్రేక్షకుడు "ఏమి జరుగును" అని అడుగడు. "ఎట్లు జరుగును" అని అడుగును. వ్యాసభారతమున లేని ఈ కథను, పాండవులలో ఒక్కరినైన తెరపై చూపకయే కె. వి. రెడ్డిగారు నడిపించుట ఆ "ఎట్లు"లోని నేర్పు. అందుచేత పౌరాణికమును కుదించునపుడు మేము పెండ్లి ముచ్చటను తగ్గింతుము గాని ప్రియదర్శినిని తగ్గింపము. తెరచినవారికి వారి ప్రియవస్తువును చూపు ఆ పేటికలో శశిరేఖకు అభిమన్యుడు కనబడును. శ్రీకృష్ణునికి శకుని కనబడును. ఈ ఒక్క సన్నివేశము వలన కథలో ఎవరి చూపు ఎచ్చట నిలిచియున్నదో తెలిసిపోవును.

జానపదము తీరు వేరు. అందు ఒక వస్తువును కనిపెట్టియున్న చాలును. 1951 నాటి "పాతాళ భైరవి"లో ఆ వస్తువు కోరిన కోరికలిచ్చు భైరవి ప్రతిమ. ఉజ్జయినిలో తోటమాలి కొడుకు రాముడు రాకుమారిని వలచెను. రాజు తనతో సమానమైన సంపద తెమ్మనెను. నేపాళ మాంత్రికునికి ప్రతిమ దక్కుటకు బలి ఇచ్చుటకొక సాహసవంతుడు కావలసి వచ్చెను. ఒకనికి ధనము కావలెను, మరియొకనికి తల కావలెను. కనుక ఇరువురును కలిసి పాతాళమునకు దిగిరి. బలి కావలసినవాడు బలి ఇచ్చినవాడాయెను. ప్రతిమ రాముని చేత ఉన్నంతవరకు మేడలు లేచినవి. బ్రతికి వచ్చిన మాంత్రికుని చేతికి పోగానే మేడలతోపాటు రాకుమారియు పోయినది. పింగళి నాగేంద్రరావుగారు అల్లిన ఈ కథను మూడు వాక్యములలో చెప్పవలసివచ్చినను, ప్రతిమ ఎవరి చేతినుండి ఎవరి చేతికి మారినదో చెప్పిన కథ నిలుచును.

సాంఘిక హాస్యములో ఆ ప్రతిమ స్థానమును ఒక అబద్ధము ఆక్రమించును. 1955 నాటి "మిస్సమ్మ"లో పట్టభద్రులైన నిరుద్యోగులు ఇరువురు, భార్యాభర్తలకే ఇచ్చెడి బడి ఉద్యోగముల కొరకు దంపతులమని చెప్పుకొనిరి. ఆమె మేరీ, క్రైస్తవురాలు, అతడు హిందువు. అబద్ధము బయటపడునా అని కాదు, ఎప్పుడు బయటపడునా అని ప్రేక్షకుడు నవ్వుచు కాచుకొనియుండును. జమీందారు కొలువులో ఒక్కొక్క ఆదరము, ఒక్కొక్క వేడుక ఆ అబద్ధమును మరింత బరువెక్కించును. ఆ నవ్వు క్రింద కడుపుకూటి చింత ఉన్నదని వ్యాఖ్యాత మరువరాదు. అప్పు, నిరుద్యోగము తీసివేసిన, మిగులునది ఇరువురు కొంటెవారి ఆట మాత్రమే.

విషాదాంత కథలో ముడి ఒక వాగ్దానము. శరత్‌చంద్రుని నవల ఆధారముగా 1953లో వచ్చిన "దేవదాసు"లో నాయకుడు త్రాగి చెడెనని చెప్పుట సులభము. లోకములో త్రాగి చెడినవారు అనేకులు. మరణమునకు ముందు ఒకసారి పార్వతి ఇంటికి వత్తునని అతడు మాట ఇచ్చియుండెను. ప్రాణము పోవు వేళ ఆ మాట నిలుపుకొనుటకే ఆమె వాకిట చేరెను; ఆమె కన్నులకు కనబడకయే కన్నుమూసెను. తక్కిన మాటలన్నియు తప్పినవాడు ఈ ఒక్క మాట తప్పలేదు. ఆ వాగ్దానమును చెప్పనియెడల ఆ మరణము ఆకస్మికమగును. చెప్పినయెడల అది విషాదమగును.

1964 నాటి "మూగమనసులు" వంటి జన్మాంతర కథ వెనుకనుండి ముందునకు నడచును. గోదావరి సుడిగుండము వద్ద నవదంపతులకు ఏదో పూర్వస్మృతి కలుగుటతో ఆరంభమై, పడవవాడు గోపి కథ పిదప తెలియును. అట్టిదానిని వరుస సరిదిద్ది మొదటినుండి చెప్పుట తెలివిమాలిన పని. శ్రోతకు మొదట కలుగవలసినది ఆ వెరగు, వివరము తరువాతిది.

కొన్ని చిత్రముల విషయములో చెప్పకుండుటయే ధర్మము. 1960లో "సైకో" చిత్రము విడుదలైనపుడు, ఆట ఆరంభమైన పిదప ఎవరిని లోనికి రానీయరాదని హిచ్‌కాక్ దొర కట్టడి చేసెను. అందలి మలుపు ఏమో మేమును ఇచట చెప్పము. అపరాధ పరిశోధక కథను ముగింపుతోసహా చెప్పువాడు సొమ్ము దాచినచోటు దొంగకు చూపినవాడగును. ఇక అకిరా కురొసావా 1950లో తీసిన "రషోమన్"ను ఎట్లు చెప్పవలెను? అడవిలో ఒక సమురాయి చనిపోయెను. బందిపోటు ఒకటి చెప్పును, భార్య ఒకటి చెప్పును, మృతుని ఆత్మ ఒకటి చెప్పును, కట్టెలు కొట్టువాడు మరియొకటి చెప్పును. నాలుగింటిలో ఒకటి నిజమని ఏరి చెప్పినచో చిత్రమే పోవును. నలుగురును తమకు తాము మంచివారుగా కనబడగోరుటయే అందలి "కనుక".

టెలివిజను ధారావాహిక వచ్చిన తరువాత పాటల పుస్తకమువాని కిటుకు ప్రతివారము ఉపయోగమునకు వచ్చినది. దూరదర్శన్‌లో "రామాయణ్" 1987 జనవరి 25న మొదలై 1988 జూలై 31 వరకు నడచినది. రావణుడు చచ్చునని ఎరుగనివారు లేకున్నను, ఆదివారము ఉదయము జనము టెలివిజను ముందు గుమిగూడిరి. పౌరాణికమునకు చెప్పిన సూత్రమే ఇచటను వర్తించును: తెలిసినది "ఏమి", తెలియవలసినది "ఎట్లు".

ఈ "ఎట్లు" అనునది ఎంత సున్నితమైనదో ఒక చిత్రమును తలచుకొన్న తెలియును. హెచ్. ఎం. రెడ్డిగారి దర్శకత్వమున 1932లో విడుదలైన "భక్త ప్రహ్లాద" తెలుగున మొదటి మాటలాడు చిత్రము. ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారి నాటకము దానికి ఆధారము. హిరణ్యకశిపునిగా మునిపల్లె సుబ్బయ్యగారు, లీలావతిగా సురభి కమలాబాయిగారు నటించిరి. నేడు ఆ చిత్రము ప్రతి ఒక్కటియు లభ్యము కాదు. 1931 నాటి "ఆలం ఆరా", "కాళిదాస్" గతియు అంతియే. ఆ కాలపు ఫిలిము నైట్రేటుతో చేసినది; వేడికి నశించును, నిప్పుకు భగ్గుమనును. అందలి వెండి కొరకు కరగించినవారును ఉండిరి. 1964లో పూనాలో జాతీయ చలనచిత్ర భాండాగారము వెలసిన నాటికే చాల చిత్రములు పోయినవి. 2003 జనవరిలో అదే నగరమున జరిగిన అగ్నిప్రమాదములో మరికొన్ని నైట్రేటు చుట్టలు బుగ్గియైనవి.

ప్రహ్లాదుని కథ పోలేదు. స్తంభమునుండి నరసింహుడు వచ్చునని పసిబిడ్డయు చెప్పగలడు. పోయినది, సుబ్బయ్యగారు ఆ స్తంభమువైపు ఎట్లు చూచిరో అది; బిడ్డకు విషమీయవలసిన కమలాబాయిగారి గొంతు ఎట్లు వణకెనో అది. "శేషము వెండితెరపై" అని వాగ్దానము చేసిన చోట వెండితెరయే లేకపోయినది.

అట్టి చిత్రములకు నేడు మిగిలినవి పత్రికలలోని ప్రకటనలు, కొన్ని ఛాయాచిత్రములు, ఎచ్చటనైన ఒక పాటల పుస్తకము. పేరు లేని ఆ రచయిత రెండు పుటలలో ఏ "కనుక"ను నిలిపెనో అంతమట్టుకే చిత్రము బ్రతికియున్నది. అందుచేత కథాసంగ్రహమును చిన్నపని అని మేము తలపము. మా పాఠకులలో ఎవరి ఇంటనైన తాతల కాలపు పెట్టె అడుగున అట్టి పుస్తకమున్నయెడల దానిని తూకమునకు వేయవలదని మా మనవి. ఏదేని గ్రంథాలయమునకు ఇచ్చిన మరింత మేలు.

మాకు ఉత్తరము వ్రాయించిన శ్రోత కొరకు "మల్లీశ్వరి"ని మరల కూర్చితిమి. ఒక పాటలో రెండు చరణములు తగ్గించి, నాగరాజు పరిహాసమును దాని తావున పెట్టితిమి. దానికి పట్టినది అర నిమిషము మాత్రమే.