యంత్రాలకూ కావాలి దుబాసీ

సరిహద్దు గ్రామాల సంతల్లో తెలుగు, కన్నడం, తమిళం కలిసి వినిపిస్తాయి. మాట తెలియని చోట దుబాసీ అవసరమవుతాడు. టెలికాం యంత్రాల లోకంలోనూ ఇదే పరిస్థితి.

పంచాయతీలకు ఇంటర్నెట్ అందించేందుకు కేంద్రం 2011లో ఆమోదించిన పథకమే నేటి భారత్‌నెట్. ఇటువంటి వ్యవస్థలో వాడే యంత్రాలన్నీ ఒకే సంస్థవి కావు. వాటిని దూరం నుండి కనిపెట్టి ఉండేది నెట్‌వర్క్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్. 1984లో ఏర్పడిన సి-డాట్ కేంద్రం, 2000లో స్థాపితమైన తేజస్ నెట్‌వర్క్స్ ఉన్న బెంగళూరు ఈ రంగానికి ప్రధాన స్థానం.

1988లో వెలువడిన ఎస్‌ఎన్‌ఎంపీ నియమావళి యంత్రాలకు ఒక ఉమ్మడి భాషను ఇచ్చింది. అయినా ప్రతి సంస్థా తన సొంత పదాలను చేర్చుకుంటుంది. కొత్త యంత్రం వచ్చినప్పుడల్లా మూల సాఫ్ట్‌వేర్‌ను తిరగరాస్తే, ఒక్క పొరపాటుతో పర్యవేక్షణ యావత్తూ నిలిచిపోవచ్చు. అందుచేత ఒక్కో రకం యంత్రానికి ‘ప్లగిన్’ అనే చిన్న ప్రోగ్రామును విడిగా రాస్తారు. అదే దుబాసీ. ఒక ప్లగిన్ చెడినా మిగిలినవి ఆగకుండా వాటిని వేర్వేరుగా నడపాలి. యంత్రాన్ని ఎంతసేపటికొకసారి పలకరించాలి, జవాబు రాకుంటే ఎప్పుడు హెచ్చరించాలి అన్నవి సెట్టింగుల ఫైలులో ఉంటాయి. ప్రోగ్రామును ముట్టకుండానే వాటిని ఊరి పరిస్థితిని బట్టి మార్చుకోవచ్చు.

దీని ప్రయోజనం గ్రామానికి నేరుగా అందుతుంది. కరెంటు పోతే ఫైబర్ పెట్టె సాధారణంగా ఒక ఆఖరి సందేశం పంపి ఆగిపోతుంది. కేబుల్ తెగితే ఆ సందేశం రాదు. ఈ తేడాను దుబాసీ సరిగా గ్రహిస్తేనే మరమ్మతు సిబ్బంది సరైన చోటికి వస్తారు. లేనిపక్షంలో పింఛను దరఖాస్తు, ధ్రువపత్రం మరో రోజుకు వాయిదా పడతాయి.