ఓటు - నిర్బంధం: గుజరాత్ చట్టం నేపథ్యంలో ఒక పరిశీలన

ప్రస్తావన

ఓటు వేయడం హక్కా, విధా అన్న ప్రశ్న ప్రతి సార్వత్రిక ఎన్నికల తరువాత వినిపించేదే. లోక్‌సభ ఎన్నికల పోలింగ్ 2014లో 66.4 శాతం. 2019లో అది 67.4 శాతానికి పెరిగి, 2024లో 65.79 శాతానికి తగ్గింది. నమోదైన ప్రతి ముగ్గురు ఓటర్లలో ఒకరు పోలింగ్ కేంద్రానికి రావడం లేదన్నమాట. రానివారిని చట్టబలంతో రప్పించాలన్నది నిర్బంధ ఓటింగ్‌ను కోరేవారి వాదన. భారతదేశంలో ఇది సిద్ధాంత చర్చగానే మిగలలేదు. గుజరాత్ రాష్ట్రం స్థానిక సంస్థల ఎన్నికలకు దీనిని చట్టంగానే చేసింది. ఆ చట్టం నడిచిన దారిని గమనిస్తే, నిర్బంధం అనే భావన మన పరిస్థితుల్లో ఎక్కడ చిక్కుపడుతుందో తెలుస్తుంది.

పరదేశాల అనుభవం

ఈ చర్చలో అందరూ ముందుగా ఉదాహరించేది ఆస్ట్రేలియాను. అక్కడ 1922 జాతీయ ఎన్నికల్లో పోలింగ్ 60 శాతానికి లోపే ఉంది. 1924లో ఓటు తప్పనిసరి అయింది. మరుసటి ఏడాది ఎన్నికల్లో అది 91 శాతం దాటింది. సరైన కారణం చూపని గైర్హాజరుకు నేటి జరిమానా 20 డాలర్లు. ఉదాహరణ సాధారణంగా ఇక్కడితో ఆగిపోతుంది. ఆగకూడనిది ఇక్కడే. ఆస్ట్రేలియాలో పోలింగ్ శనివారం జరుగుతుంది. ఓటరు తన రాష్ట్రంలోని ఏ పోలింగ్ కేంద్రంలోనైనా ఓటు వేయవచ్చు. ముందస్తు ఓటు, తపాలా ఓటు, మారుమూలలకు వెళ్లే సంచార పోలింగ్ బృందాలు కూడా ఉన్నాయి. చిన్న జరిమానా వెనుక ఇంత పెద్ద ఏర్పాటు ఉంది. ఆదివాసులకు 1962లో జాతీయ ఎన్నికల్లో ఓటు హక్కు లభించినా, ఇతరులతో సమానంగా నమోదు, ఓటు తప్పనిసరి అయినది 1984లోనే.

1893లోనే నిర్బంధ ఓటును ప్రవేశపెట్టిన బెల్జియం, 1970లో దానిని వదిలేసిన నెదర్లాండ్స్, 2012లో వదిలి 2022లో మళ్లీ చేపట్టిన చిలీ ఈ విషయంలో ఏ దేశ నిర్ణయమూ శాశ్వతం కాదని చూపుతాయి. బ్రెజిల్ నిరక్షరాస్యులను ఈ నిర్బంధం నుంచి మినహాయించింది. తొలి సార్వత్రిక ఎన్నికల నుంచే గుర్తుల సాయంతో నిరక్షరాస్యుడికి సమాన ఓటును ఇచ్చిన భారతదేశంలో అలాంటి మినహాయింపు ఉదారంగా కాక అవమానంగానే తోస్తుంది.

గుజరాత్ చట్టం

గుజరాత్ శాసనసభ 2009 డిసెంబరులో స్థానిక సంస్థల చట్టాల సవరణ బిల్లును ఆమోదించింది. నాటి గవర్నర్ కమలా బేనీవాల్ 2010లో దానిని తిప్పి పంపారు. 2011లో శాసనసభ మళ్లీ ఆమోదించింది. 2014 నవంబరులో గవర్నర్ ఓ.పి. కోహ్లీ ఆమోదముద్ర వేశారు. స్థానిక సంస్థల్లో మహిళలకు 50 శాతం రిజర్వేషన్ కూడా ఇదే బిల్లులో ఉండడం గమనార్హం. పెద్దగా వివాదం లేని ఒక మేలు, వివాదాస్పదమైన మరో నిబంధనతో ముడిపడి ఏళ్ల తరబడి ఆగిపోయింది. 2015 ఆగస్టులో, తగిన కారణం లేకుండా ఓటు వేయనివారికి 100 రూపాయల జరిమానాను ప్రభుత్వం నిర్ణయించింది. అదే నెలలో హైకోర్టు అమలుపై స్టే ఇచ్చింది.

స్టే వెనుక ఉన్న న్యాయసూత్రం కొత్తది కాదు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 79(డి) ‘ఎన్నికల హక్కు’ను నిర్వచిస్తూ, ఓటు వేసే హక్కుతో పాటు వేయకుండా ఉండే హక్కును కూడా చేర్చింది. ఓటు హక్కు చట్టబద్ధ హక్కే తప్ప ప్రాథమిక హక్కు కాదని కుల్దీప్ నయ్యర్ కేసులో 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే నోటాకు దారి తీసిన 2013 సెప్టెంబరు 27 నాటి తీర్పు, ఓటు ద్వారా అభిప్రాయాన్ని ప్రకటించే స్వేచ్ఛను 19(1)(ఎ) అధికరణం పరిధిలోకి తెచ్చింది. న్యాయ సంఘం కూడా 2015 మార్చిలో ఇచ్చిన 255వ నివేదికలో నిర్బంధ ఓటింగ్ వద్దనే చెప్పింది.

‘నోటా ఉన్నప్పుడు నిర్బంధం ఎలా అవుతుంది? ఎవరినీ ఎన్నుకోకుండానే ఓటు వేయవచ్చు గదా’ అన్నది దీనికి వచ్చే సమాధానం. వినడానికి బలంగానే ఉంటుంది. కానీ లోక్‌సభ, శాసనసభ ఎన్నికల్లో నోటాకు అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చినా, తరువాతి స్థానంలో ఉన్న అభ్యర్థే గెలుస్తాడు. 2024లో ఇండోర్‌లో నోటాకు 2 లక్షల 18 వేలకు పైగా ఓట్లు పడ్డాయి. ఫలితం మారలేదు. ఫలితాన్ని కదిలించలేని మీటను నొక్కడానికి పౌరుడిని జరిమానాతో రప్పించడం అతని అభిప్రాయాన్ని గౌరవించడం అనిపించుకోదు.

ఓటే లేని ఎన్నిక

గుజరాత్ అనుభవంలో ఇంతకంటే ఆసక్తికరమైన వైరుధ్యం ఒకటి ఉంది. పోటీ లేకుండా సభ్యులను ఎన్నుకున్న గ్రామ పంచాయతీలకు అదే రాష్ట్రం 2001 నుంచి ‘సమరస్’ పథకం కింద నిధులు ఇస్తున్నది. ఓటు వేయని వ్యక్తికి జరిమానా, ఓటింగే జరగని గ్రామానికి బహుమానం! ఈ విషయంలో తెలుగు రాష్ట్రాలు గుజరాత్‌ను వేలెత్తి చూపే స్థితిలో లేవు. పంచాయతీ ఏకగ్రీవాలకు ప్రోత్సాహక నిధులు ప్రకటించడం ఇక్కడా అలవాటే. ఆ ఏకగ్రీవాల్లో కొన్ని నిజమైన ఊరుమ్మడి అంగీకారం నుంచి వస్తాయి. మరికొన్ని సర్పంచి పదవికి వేలంపాట పాడిన తరువాత వస్తాయి. 2024లో సూరత్ లోక్‌సభ స్థానం కూడా ఏకగ్రీవమై, అక్కడి ఓటర్లెవరికీ మీట నొక్కే అవసరమే రాలేదు. ఓటు పౌరుడి విధి అయితే, ఆ విధిని నెరవేర్చే అవకాశాన్ని తీసివేసిన వ్యవస్థకు ఏ జరిమానా వర్తిస్తుంది?

దీనికి భిన్నమైన ఉదాహరణ నల్లగొండ. 1996లో ఫ్లోరైడ్ నీటి సమస్యను దేశం దృష్టికి తేవడానికి ఆ లోక్‌సభ స్థానంలో 480 మంది పోటీకి నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమైంది. పోలింగ్ వాయిదా పడింది. నిరసనకు ఎన్నికలకు దూరంగా ఉండడం ఒక రూపమైతే, ఎన్నికలను నింపివేయడం మరొక రూపం. రోడ్డు వేసే వరకు ఓటు వేయమని తీర్మానించే గూడెం చేస్తున్నది కూడా రాజకీయ చర్యే. నిర్బంధ చట్టం ఆ గూడేన్నీ, సెలవు దినాన నిద్రపోయిన నగరవాసినీ ఒకే గాటన కడుతుంది.

రానివారు ఎవరు?

2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 82 శాతం పోలింగ్ నమోదైంది. అదే రోజు హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో సుమారు 48 శాతమే. నగరవాసుల నిర్లక్ష్యం అన్న తీర్పు వెంటనే వెలువడింది. అయితే ఆ వారాంతంలో హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు రహదారి వాహనాలతో కిక్కిరిసింది. బస్సుల్లో, రైళ్లలో చోటు దొరకలేదు. సొంత ఊళ్లో ఓటు వేయడానికి వందల కిలోమీటర్లు వెళ్లిన ఈ మనుషులను నిర్లక్ష్యపరులనడం సాధ్యం కాదు. 1950 చట్టం ప్రకారం ఒకరి పేరు రెండు చోట్ల ఉండరాదు. అయినా వలస వచ్చినవారి పాత పేరు తొలగదు, కొత్త పేరు చేరుతుంది. ఊళ్లో ఓటు వేసినవారు నగర జాబితాలో గైర్హాజరుగానే మిగులుతారు. జాబితా సరిగా లేనిచోట పోలింగ్ శాతం పౌరుల శ్రద్ధకు కొలమానం కాదు. అలాంటి జాబితా ఆధారంగా జరిమానా నోటీసులు పంపితే మొదట బయటపడేది అధికార యంత్రాంగం లోపమే.

జాబితాలో ఒకే పేరుండి, రాలేనివారి పరిస్థితి ఇంకా కఠినం. పాలమూరు నుంచి ముంబయి, పుణె భవన నిర్మాణాలకు వెళ్లిన కూలీకి పోలింగ్ రోజు వేతన సెలవును సెక్షన్ 135బి చట్టంలో ఇస్తుంది. మేస్త్రీ చేతిలో అది దొరకదు. దొరికినా రానుపోను ఛార్జీలే అతని నాలుగైదు రోజుల కూలి. గల్ఫ్‌లోని నిజామాబాద్ కార్మికుడు 2010 సవరణ వల్ల ఓటరుగా నమోదు కావచ్చు, కానీ స్వయంగా వచ్చే వేయాలి. విచారణ ఖైదీకి సెక్షన్ 62(5) ఓటునే నిరాకరిస్తుంది. వీరందరికీ మినహాయింపులు ఇవ్వవచ్చు. అప్పుడు ఆ మినహాయింపును నిరూపించుకునే పత్రాల భారం కూలీ మీదనే పడుతుంది.

‘నిర్బంధం’ అన్న మాట తెలుగులో రెండు చోట్ల బాగా వాడుకలో ఉంది. ఒకటి పోలీసు నిర్బంధం, రెండవది నిర్బంధ విద్య. 2009 విద్యా హక్కు చట్టం సెక్షన్ 8 నిర్బంధ విద్యను నిర్వచిస్తూ, ఆ బాధ్యతను ప్రభుత్వంపై ఉంచింది. తల్లిదండ్రుల విధిని సెక్షన్ 10 చెప్పినా దానికి శిక్షను పేర్కొనలేదు. నిర్బంధ ఓటు ప్రతిపాదనలు మొదటి అర్థాన్ని ఎంచుకున్నాయి. రెండవ అర్థానికి నమూనా కూడా గుజరాత్‌లోనే ఉంది: గిర్ అడవిలోని బాణేజ్‌లో ఒకే ఒక్క ఓటరు కోసం ఎన్నికల సంఘం పోలింగ్ కేంద్రం ఏర్పాటు చేస్తూ వచ్చింది. వలస ఓటరుకు అటువంటి ఏర్పాటుగా, ఉన్నచోటి నుంచే సొంత నియోజకవర్గానికి ఓటు వేసే రిమోట్ యంత్రం నమూనాను సంఘం 2022 డిసెంబరులో ప్రకటించింది. ప్రతిపక్షాలు అభ్యంతరాలు చెప్పాయి. 2024 ఎన్నికల్లో ఆ యంత్రం వాడుకలోకి రాలేదు.