బల్ల మీది నుంచి ఒడిలోకి

ఒకప్పుడు ఇంట్లో కంప్యూటరు కొన్నారంటే వీధి వీధంతా తెలిసేది. తెలిసినవాణ్ణొకణ్ణి వెంటబెట్టుకొని సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరుకు వెళ్ళడం, ఒక దుకాణంలో మదర్‌బోర్డు, మరో దుకాణంలో మానిటరు బేరమాడి కొనడం, అన్నీ ఆటోలో వేసుకొని రావడం... అదో పెళ్ళి సామాను కొనుగోలులా సాగేది. ఆ పెట్టెకు ప్రత్యేకంగా ఒక బల్ల. కరెంటు పోతే ఆదుకోవడానికి యూపీఎస్. దుమ్ము పడకుండా పైన గుడ్డ. పిల్లలు ముట్టుకోవాలంటే అబ్బాజాన్ అనుమతి ఉండాలి. ఇప్పుడు చాలా ఇళ్ళలో ఆ బల్ల ఇస్త్రీ బట్టలు పెట్టుకోవడానికి పనికొస్తున్నది. మరి అంత వైభవం వెలగబెట్టిన పెట్టె, పలకంత టాబ్లెట్ ముందు ఎందుకు వెనుకబడింది?

2010 ఏప్రిల్ 3న ఆపిల్ సంస్థ అమెరికాలో ఐప్యాడ్‌ను అమ్మకానికి పెట్టింది. పెద్ద ఫోనే కదా అని నవ్వినవారు చాలామందే ఉన్నారు. 80 రోజుల్లో 30 లక్షలు అమ్ముడుపోయాయి. ఆ జూన్‌లో స్టీవ్ జాబ్స్ ఒక పోలిక చెప్పాడు. అమెరికా వ్యవసాయ దేశంగా ఉన్న రోజుల్లో బండ్లన్నీ ట్రక్కులేననీ, పట్టణాలు పెరిగాక కార్లు వచ్చాయనీ, కంప్యూటర్లు కూడా ట్రక్కుల్లా మిగిలి ఉంటాయి గాని వాటి అవసరం కొద్దిమందికే ఉంటుందనీ ఆ మాటల సారాంశం. అమ్ముకునేవాడి మాటే అయినా అందులో నిజం లేకపోలేదు.

ఎందుకంటే, కంప్యూటరు కొన్న కుటుంబాల్లో ఎక్కువమంది దానితో చేసిందేమిటి? ఉత్తరాలు చదివారు, ఫొటోలు చూశారు, పాటలు విన్నారు. వీటికోసం గర్రున తిరిగే ఫ్యానూ, తెరుచుకోవడానికి రెండు నిమిషాలు తీసుకునే యంత్రమూ అక్కర్లేదు. టాబ్లెట్‌లోని ప్రాసెసరు తక్కువ కరెంటుతో నడుస్తుంది. మీట నొక్కగానే తెర వెలుగుతుంది. 2012 నాటి కరెంటు కోతలు గుర్తున్నవారికి బ్యాటరీ విలువ వేరే చెప్పనక్కర్లేదు. మౌస్ పట్టడం చేతకాని నానీ కూడా రెండు వేళ్ళతో అక్షరాన్ని పెద్దది చేసుకొని ఉర్దూ చదువుకోగలిగింది. ఆ ఉర్దూ కళ్ళకు అలవాటైన నస్తాలీఖ్ లిపిలో ఐప్యాడ్ మీద స్థిరపడింది మాత్రం 2017లోనే. అంతవరకు అరబ్బీ ముద్రణను పోలిన నస్ఖ్ అక్షరాలతోనే సర్దుకోవలసి వచ్చింది.

2011లో ప్రపంచమంతటా 35 కోట్లకు పైగా కంప్యూటర్లు దుకాణాలకు చేరగా, 2013 నాటికి ఆ సంఖ్య సుమారు 31.5 కోట్లకు పడిపోయింది. ఆ ఒక్క ఏడాదే దాదాపు పది శాతం తరుగుదల. కంపెనీలు ఎంత కంగారు పడ్డాయో చూడండి. అప్పట్లో కంప్యూటర్ల అమ్మకాల్లో ప్రపంచంలోనే మొదటి స్థానంలో ఉన్న హెచ్‌పీ, 2011 జూలైలో టచ్‌ప్యాడ్ అనే టాబ్లెట్‌ను విడుదల చేసింది. ఏడు వారాలకే దానిని ఆపివేసింది. కంప్యూటర్ల విభాగాన్ని వదులుకొనే ఆలోచన ఉన్నదని కూడా అదే రోజు ప్రకటించింది. మిగిలిన సరుకు ధరను 99 డాలర్లకు దించితే జనం ఎగబడి కొన్నారు!

మన దేశంలో ఈ ఆశకు ఆకాశ్ అని పేరు పెట్టారు. 2011 అక్టోబరు 5న ఢిల్లీలో కేంద్రమంత్రి కపిల్ సిబల్ దానిని ఆవిష్కరించారు. స్టీవ్ జాబ్స్ కన్నుమూసిందీ ఆనాడే. తొలి ఆకాశ్‌ల కూర్పు జరిగింది మన హైదరాబాదులో. ధర 2,200 రూపాయల పైచిలుకు. పేదపిల్లవాడి చేతికి కంప్యూటరు అన్న మాట వినసొంపుగానే ఉన్నది. కాని 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు, గట్టిగా నొక్కితే గాని పలకని తెర, తొందరగా అయిపోయే బ్యాటరీ పిల్లల ఉత్సాహాన్ని చల్లార్చాయి. రెండవ ఆకాశ్ మెరుగైనదే గాని, అప్పటికే ఉత్సాహం సన్నగిల్లింది.

ఇంతకూ టాబ్లెట్ గెలుపు కూడా శాశ్వతం కాలేదు. 2014 తర్వాత ఫోన్ల తెరలు పెరిగేకొద్దీ దాని గిరాకీ తగ్గింది. 2020లో బడులు, కచేరీలు మూతపడగానే జనం మళ్ళీ కంప్యూటర్ల కోసం వెతికారు. 2021లో వాటి సరఫరా తిరిగి 34 కోట్ల ప్రాంతానికి చేరింది. పాఠం వినడానికి పలక సరిపోయింది. పాఠం రాయడానికి, లెక్కల పట్టిక వేయడానికి, ఇంటి నుంచి ఉద్యోగం చేయడానికి మీటల పలక కావలసి వచ్చింది.

కాబట్టి ఉన్న కొద్దిపాటి సొమ్ముతో పిల్లలకు ఒకటే వస్తువు కొనగలిగిన తల్లిదండ్రులు ఈ తేడాను గమనించాలి. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల్లోని ఎనిమిదో తరగతి పిల్లలకు, ఉపాధ్యాయులకు 5 లక్షలకు పైగా టాబ్లెట్లు పంచారు. పాఠాలు ముందే నింపి ఇచ్చారు గనుక చూసి నేర్చుకోవడానికి అవి మంచివే. అయితే ఇంజనీరింగు ప్రవేశపరీక్ష 2018 నుంచి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కంప్యూటరు మీదనే జరుగుతున్నది. తెరను వేలితో తడమడమే ఎరిగిన పిల్ల, ఆ మూడు గంటల పరీక్షలో మౌస్‌ను మొదటిసారి పట్టుకుంటే పరిస్థితి ఏమిటి? ఆలోచించండి. ఉద్యోగాల టైపింగు పరీక్షల మాట సరేసరి.

ఇంట్లో ఇప్పటికే టాబ్లెట్ ఉంటే దానిని పారేయనక్కర్లేదు. ఓటీజీ అనే చిన్న కేబులు ఒకటి కొంటే, అటక మీద పడి ఉన్న పాత యూఎస్‌బీ కీబోర్డునూ మౌస్‌నూ చాలా ఆండ్రాయిడ్ టాబ్లెట్లకు తగిలించవచ్చు. కొనేముందు టాబ్లెట్ రంధ్రం ఏ రకమో చూసుకోండి. పాతవాటికి మైక్రో, కొత్తవాటికి సీ రకం కేబులు సరిపోతుంది.