యవల కోత మొదలైంది

‘రొట్టెల ఇల్లు’ అని పేరున్న బేత్లెహేములోనే కరువొస్తే, నయోమి కుటుంబం మోయాబుకు వలసపోయింది. అక్కడ భర్తనూ, ఇద్దరు కుమారులనూ పోగొట్టుకుని సుమారు పదేళ్లకు ఆమె తిరిగొచ్చింది. ‘మధురం’ అనే అర్థమున్న తన పేరు మాని, ‘చేదు’ అనే అర్థంతో మారా అని పిలవమంది. నిండుగా వెళ్లి వట్టి చేతులతో వచ్చానని వాపోయింది. ఆ మాటకు దేవుడామెను గద్దించలేదు. నిజానికి అప్పటికే కోడలు రూతు ఆమె పక్కనే ఉంది, ఊరి పొలాల్లో యవల కోత మొదలైంది. నయోమి దుఃఖం ఆ రెండింటినీ లెక్కించలేదు. పరిగె ఏరడానికి వెళ్లిన రూతుకు బోయజు పొలంలో ఆదరణ దొరికింది. వారి కుమారుడు ఓబేదే దావీదుకు తాత.

పోయినవారు తిరిగి రాలేదు. కానీ దేవుడు రుతువు మార్చాడు. ప్రియులారా, మీ కన్నీళ్లు తుడుచుకుని ఒక్కసారి పక్కకు చూడండి. అక్కడ రూతు నిలబడి ఉందేమో!