నికెలు పూత కింద నెంబరేది?

తొలకరి పడిందంటే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం తలలు వంచుకుని నడుస్తారు. తళుక్కుమన్న ప్రతి రాయినీ వజ్రమేమోనని కొంగున ముడి వేసుకుంటారు. కొనే వ్యాపారి మాత్రం మెరుపు చూసి ధర కట్టడు. రాయిని తిప్పి తిప్పి చూస్తాడు. ఆ ప్రాంతానికే చెందిన ఒక రైతు ఈ మధ్య కర్నూలులో రాయిని కాదు, రివాల్వర్‌ను అలా తిప్పి చూడవలసి వచ్చింది.

ఆయనకు ముప్పై ఎకరాల పొలం ఉంది. ఉల్లి అమ్మిన డబ్బుతో కర్నూలు యార్డు నుంచి ఇల్లు చేరేసరికి చాలాసార్లు పొద్దుపోతుంది. తండ్రి కాలం నాటి డబుల్ బ్యారెల్ తుపాకీ ఇంట్లో ఉన్నా దాన్ని చంకన పెట్టుకుని మార్కెట్టుకు పోలేడు కదా! అందుకే రివాల్వర్ లైసెన్సుకు అర్జీ పెట్టుకున్నాడు. శిక్షణ సర్టిఫికెట్టు, పోలీసు విచారణ, కలెక్టరాఫీసు చుట్టూ ప్రదక్షిణలు అన్నీ అయ్యాక లైసెన్సు చేతికొచ్చింది. ఇక కొనడమే తరువాయి. 2019లో చట్టం మారిన తరువాత ఒక మనిషికి రెండు ఆయుధాలే అనుమతి. అంతకు ముందు మూడు ఉండేవి. తండ్రి తుపాకీ ఒకటి పోగా ఆయనకు మిగిలింది ఒక్క చోటే. అందులో ఏది పెట్టుకోవాలన్నది ఆయన సమస్య.

కర్నూలులో ఉద్యోగ విరమణ చేసిన ఒక అధికారి తన రివాల్వర్ అమ్ముతున్నారని ఎవరో చెప్పారు. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండితే వారసుల పేరిట మార్చుకునే వీలు 2016 నాటి ఆయుధ నిబంధనల్లో ఉంది. అయితే బెంగళూరులో ఉంటున్న కొడుకులిద్దరూ తమకు వద్దే వద్దన్నారట. రైతు వెళ్లి చూశాడు. ఎర్రటి ముఖమల్ గుడ్డ విప్పగానే కళ్లు జిగేల్‌మన్నాయి. అది 32 బోరు అమెరికా రివాల్వర్, స్మిత్ అండ్ వెసన్ కంపెనీది. నిలువెల్లా వెండి గిన్నెలా మెరిసిపోతోంది. చెప్పిన ధర నాలుగు లక్షలు.

"విదేశీ సరుకు నాయనా, ఇప్పుడు వెతికినా దొరకదు" అన్నారు పెద్దాయన. ఆ మాటలో అబద్ధం లేదు. 1980ల మధ్య నుంచి విదేశీ పిస్తోళ్లు, రివాల్వర్ల దిగుమతి సామాన్యులకు దాదాపు మూతపడింది. అంతకు ముందు దేశంలోకి వచ్చినవే ఒక చేతి నుంచి మరో చేతికి మారుతున్నాయి. పాతబడే కొద్దీ వాటి ధర పెరుగుతోందే తప్ప తగ్గడం లేదు.

రైతు బయానా ఇవ్వబోయి ఆగాడు. ఆయన పొలానికి పక్క ఊళ్లోనే జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వులో ఆయుధాల మరమ్మతు చూసి రిటైరైన ఆర్మరర్ ఒకాయన ఉన్నాడు. మరునాడు ఆయన్ను వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లాడు.

ఆర్మరర్ ముందుగా చక్రం తెరిచి ఆరు గదులూ ఖాళీగా ఉన్నాయని చూసుకున్నాడు. తరువాత గుర్రాన్ని, మీటను ఎండకు తిప్పాడు. అవి కూడా అద్దాల్లా మెరుస్తున్నాయి. "సార్, ఈ పూత కంపెనీది కాదు గదా?" అని అడిగాడు. పెద్దాయన ఆశ్చర్యపోయారు. ఆ కంపెనీ నికెలు పూతతో పంపిన రివాల్వర్లలో కూడా గుర్రాన్ని, మీటను పూత లేకుండా వదిలేసేది. కాల్చి గట్టిపరచిన ఉక్కు మీద నీలి, గోధుమ రంగు చారలు కనిపించేవి. వాటికి కూడా నికెలు ఎక్కిందంటే ఆ పని తరువాత బయట ఎవరో చేసినట్లే లెక్క.

పెద్దాయన దాచలేదు. కూతురి పెళ్లి ముందు, 1980లలో, నల్లరంగు అక్కడక్కడా పోయి తుప్పు మచ్చలు కనిపిస్తుంటే పూత వేయించారట. వేసింది తుపాకుల పని తెలిసిన వాడు కాదు. సైకిలు రిమ్ములకు, మోటారు సైకిళ్ల బంపర్లకు నికెలు వేసే దుకాణదారు.

అసలు చిక్కు అక్కడే ఉంది. పూత వేయడానికి ముందు లోహాన్ని బఫ్ చక్రం మీద పెట్టి అద్దంలా అరగదీస్తారు. రిమ్ము అరిగితే నష్టం లేదు. తుపాకీకి మాత్రం ఒంటి మీద అక్షరాలుంటాయి, నెంబరుంటుంది. చక్రం గట్టిగా తగిలితే అవి చెరిగిపోతాయి. మిగిలిన లోతును నికెలు పూడుస్తుంది. గొట్టం మీది కంపెనీ పేరు చేతులు మారి అరిగిన పాత అణా మీది బొమ్మలా ఉంది. పిడి అడుగున ఆరంకెల నెంబరులో మొదటి మూడూ చదవగలిగారు. నాలుగోది 3 కావచ్చు, 8 కూడా కావచ్చు. అయిదోది గీతలా కనిపించింది. ఆరోది లేనే లేదు.

చట్టం ఏమంటోంది?

1959 నాటి ఆయుధాల చట్టంలో 8వ సెక్షను చిన్నదే గానీ కొనేవాడు ముందుగా తెలుసుకోవలసింది దాన్నే. తుపాకీ మీది పేరును, నెంబరును చెరపకూడదు, మార్చకూడదు. స్పష్టమైన గుర్తు లేని తుపాకీని అమ్మకూడదు. చెరిగిన నెంబరుతో ఒకరి వద్ద తుపాకీ దొరికితే, కాదని రుజువయ్యే దాకా, చెరిపింది ఆ మనిషేనని కోర్టు భావిస్తుంది. నలభై ఏళ్ల కిందట సైకిలు షాపు వాడు బఫ్ పట్టిన పాపం నేడు కొన్నవాడి మెడకు చుట్టుకుంటుంది. ‘నేను కొన్నప్పుడే ఇలా ఉంది’ అని చెప్పి తప్పించుకోవడానికి వీలు లేదు. రుజువు చేసుకునే భారం ఆయనదే.

మరి ఇన్నేళ్లూ ఎవరూ పట్టుకోలేదా అంటే, పట్టుకోలేదు. ప్రతి రెన్యువల్‌కూ పాత పుస్తకంలోని నెంబరునే కొత్త పుస్తకంలోకి ఎత్తి రాశారు. ఎన్నికలప్పుడు స్టేషన్‌లో డిపాజిట్ చేస్తే రసీదులోకీ ఆ నెంబరే ఎక్కింది. పుస్తకాన్ని చూసినవారే గానీ తుపాకీని తిరగేసి చూసినవారు లేరు. ఇప్పుడు లైసెన్సుదార్లందరికీ ప్రత్యేక గుర్తింపు సంఖ్య ఇచ్చి వివరాలు కంప్యూటర్‌కు ఎక్కించారు. చేతులు మారేటప్పుడు పుస్తకంతో పాటు ఆయుధాన్నీ పరిశీలించే అధికారి ఏదో ఒకనాడు తగలకపోడు.

ఇంకో సంగతి. తుపాకీ మరమ్మతు చేసేవారికి ప్రత్యేక లైసెన్సు ఉండాలి. లైసెన్సు లేని దుకాణంలో రివాల్వర్ వదిలి వస్తే, అది అక్కడున్న ప్రతి రోజూ ఆ దుకాణదారు లైసెన్సు లేకుండా ఆయుధం ఉంచుకున్నట్లే. నేటి చట్టం ప్రకారం అలా ఉంచుకుంటే రెండేళ్లకు తగ్గని జైలు. పూత ఎంత ముచ్చటగా ఉన్నా దాన్ని ఎక్కడ, ఎవరు వేశారని అడగవలసింది అందుకే. లైసెన్సు ఉన్న తుపాకుల డీలరు ద్వారా చేయిస్తే పద్దు ఉంటుంది, రసీదు ఉంటుంది.

పూత మంచిదేనా?

నికెలు పూతే చెడ్డదని కాదు. కంపెనీలో వేసిన నికెలు చెమటకు, వాన తేమకు నల్లరంగు కన్నా బాగా నిలుస్తుంది. గట్టి క్రోమియం పూత అంతకన్నా మొండిది. వచ్చిన చిక్కల్లా పూత కింద ఏముందో కంటికి కనబడకపోవడమే. తుప్పు తిన్న గుంటల మీద పూత వేస్తే పైకి నున్నగా ఉంటుంది, లోపల తుప్పు తన పని తాను చేసుకుంటూ పోతుంది. ఆర్మరర్ భూతద్దంతో చూసినప్పుడు చక్రం గదుల అంచు వద్ద ఆవగింజంత బుడగలు రెండు కనిపించాయి. అక్కడ పూత లేవడం మొదలైందన్న మాట.

మరో ప్రమాదం కంటికి కనిపించనిది. ఆమ్లంలో ముంచి కరెంటు పెట్టే ఈ పనిలో ఉక్కులోకి హైడ్రోజన్ వాయువు చేరి దాన్ని పెళుసు చేయవచ్చు. గట్టి ఉక్కు భాగాలకు, స్ప్రింగులకు ఈ బెడద ఎక్కువ. పని తెలిసినవారు పూత అయిన వెంటనే సరుకును కొన్ని గంటలు వేడిలో ఉంచి వాయువును వెళ్లగొడతారు. రిమ్ముల షాపులో అంత ఓపిక ఎవరికుంటుంది?

మన ఇళ్లలో ఇత్తడి చెంబును చింతపండుతో తోమడం అలవాటు. ఆయుధపూజ నాడు కొందరు తుపాకీకీ ఆ వైభవం చేయబోతారు. నికెలు పూత మీద పులుపు గానీ, ముగ్గుపిండి గానీ పనికిరాదు. చాలా చోట్ల నికెలు కింద పలుచని రాగి పొర ఉంటుంది. రాగి మరకలు పోవడానికి వాడే అమోనియా మందు పగుళ్లలోంచి కిందకు దిగితే ఆ పొరనే తినేస్తుంది. అప్పుడు నికెలు పెచ్చులుగా ఊడుతుంది. తోలు సంచిలో నెలల తరబడి ఉంచినా తేమ పట్టి మచ్చలు పడతాయి. మెత్తని గుడ్డ, కాస్త తుపాకీ నూనె చాలు.

యంత్రం మాత్రం బాగానే ఉందని ఆర్మరర్ చెప్పాడు. మీట నొక్కి పట్టుకుని చక్రాన్ని కదిపితే వదులు లేదు. ప్రతి గదీ గొట్టానికి సూటిగా వచ్చి నిలిచింది. గొట్టం చివర తెల్లకాగితం పెట్టి చూస్తే లోపలి మరలు స్పష్టంగా ఉన్నాయి. ఇవి చూడకుండా పూత చూసి మురిసిపోయేవారే ఎక్కువ. 32 అన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావన్నది కూడా గుర్తుంచుకోవాలి. 32 స్మిత్ అండ్ వెసన్‌లో పొట్టి తూటా 1878 నాటిది, పొడుగు తూటా 1896 నాటిది. నల్లమందు కాలంలో తయారైన చౌకరకం నికెలు రివాల్వర్లు కొన్ని నేటికీ పెట్టెల అడుగున ఉన్నాయి. నేటి మందు ఒత్తిడికి అవి తట్టుకోలేవు. చూడడానికి బాగుంటాయి, పేల్చడానికి కాదు.

"పిడి అడుగున పోయింది గానీ గొట్టం కింద ఉందన్నా!" అని రైతు ఒక్కసారిగా అన్నాడు. నిజమే. గొట్టం అడుగున, బఫ్ చక్రం సరిగా చొరబడని చోట ఆరంకెలూ కనిపించాయి. లైసెన్సు పుస్తకంలోని నెంబరుతో సరిపోయాయి. పెద్దాయన ముఖం వికసించింది.

ఆర్మరర్ మాత్రం తల అడ్డంగా ఊపాడు. "గొట్టం మార్చుకోవచ్చప్పా. చట్రం మార్చేదానికి కాదు. అసలు నెంబరు చట్రానిదే. ఇది సరిపోతుందో లేదో నువ్వూ నేనూ చెప్పేది కాదు, కలెక్టరాఫీసు చెప్పాల. నాలుగు లక్షలు పోసినాక అడిగేదా, ముందే అడిగేదా?"

అడిగే పద్ధతి చట్టంలోనే ఉంది. లైసెన్సుదారు తన ఆయుధాన్ని మరొక లైసెన్సుదారుకు అమ్మదలిస్తే, కొనేవారి పేరు, చిరునామాతో కలెక్టరుకు గానీ దగ్గరి పోలీస్ స్టేషన్ అధికారికి గానీ ముందుగా రాతపూర్వకంగా తెలపాలి. ఆ తరువాత 45 రోజులు గడిచే దాకా చేతులు మారకూడదు. తెలిసినవాళ్లమే కదా అని ముందు తీసుకుని తరువాత కాగితాలు రాసుకునేవారు లేకపోలేదు. అది నేరం. ఈ 45 రోజులూ కొనేవాడికి నష్టం కాదు, నిజానికి రక్ష. బయానా కూడా అనుమతి వచ్చాకే ఇవ్వడం మేలు.

నెంబరు చెరిగినంత మాత్రాన ఆధారమే లేకుండా పోదు. అంకె గుద్దినప్పుడు ఆ దెబ్బ కింది లోహం దాకా పోతుంది. పైన అరగదీసినా, ఫోరెన్సిక్ ప్రయోగశాలలో మందు పూసి కొన్నిసార్లు దాన్ని మళ్లీ కనిపించేలా చేయగలరు. దానికి అధికారులే పంపాలి. సొంతంగా సుత్తి, అంకెల పోగర్లు తెచ్చి పోయిన నెంబరు తిరిగి గుద్దించుకుందామనుకుంటే అది మొదటి తప్పు కన్నా పెద్ద తప్పు.

కొత్తది కొంటే ఈ గొడవలేవీ లేవు. కాన్పూర్‌లోని ప్రభుత్వ కర్మాగారం చాలా కాలంగా 32 బోరు రివాల్వర్లు తయారు చేస్తోంది. 2014లో అక్కడే ‘నిర్భీక్’ అనే తేలికపాటి రివాల్వర్‌ను మహిళలను ఉద్దేశించి విడుదల చేసినప్పుడు ధర 1,22,360 రూపాయలు. 2021 అక్టోబరు నుంచి ఆ కర్మాగారం ప్రభుత్వ రంగంలోని కొత్త ఆయుధ కంపెనీ కిందకు వచ్చింది. ‘ప్రబల్’ అనే మరో రకం 2023లో వచ్చింది. అమెరికా సరుకులోని నునుపు వీటిలో లేదని అనేవారున్నారు. ఉండకపోవచ్చు. నెంబరు మాత్రం స్పష్టంగా ఉంటుంది, పరీక్ష ముద్ర ఉంటుంది, బిల్లు ఉంటుంది.

పూత వేయించిన రివాల్వర్ల వెనుక చాలావరకు పదిమందిలో చూపించాలన్న సరదా ఉంటుందని ఆర్మరర్ అన్నాడు. పెద్దాయన కూడా నవ్వుతూ ఒప్పుకున్నారు, కూతురి పెళ్లిలో నడుముకు కట్టుకుని తిరిగానని. ఆ రోజుల్లో గాలిలోకి రెండు పేల్చినా అడిగినవారు లేరు. ఇప్పుడు పెళ్లిళ్లలో, ఊరేగింపుల్లో జనం ప్రాణం మీదికి వచ్చేలా సంబరంగా తుపాకీ పేలిస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అదీ 2019 సవరణలోనే చేర్చారు.

రైతు కొనలేదు. పెద్దాయనకూ కోపం రాలేదు. పైగా భయం పట్టుకుంది. అమ్మడం మాట అటుంచి, నెంబరు లేని రివాల్వర్ ఇన్నాళ్లూ తన బీరువాలోనే ఉందని ఆయనకు ఆ రోజే తెలిసింది. ఆర్మరర్ సలహా మీద పాత లైసెన్సు పుస్తకాలు, 1970లలో కొన్ననాటి రసీదు వెతికి తీశారు. పూత ఎప్పుడు, ఎలా వేయించిందీ దాచకుండా రాసి కలెక్టరుకు అర్జీ పెట్టుకున్నారు. తీర్పు తేలే దాకా రివాల్వర్‌ను స్టేషన్‌లో అప్పగించారు.

ఉల్లికి ధర పలికితే కాన్పూర్ సరుకే తెచ్చుకుంటానని రైతు అంటున్నాడు. పెద్దాయన చేతిలో ఇప్పుడు స్టేషన్ రసీదు ఉంది. అందులో నెంబరు గడిలో ఈసారి పుస్తకం చూసి రాయలేదు. మూడంకెలు వేసి, మిగిలిన చోట ‘స్పష్టంగా లేదు’ అని రాశారు.